తీగ నాదే

నా గొంతు గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు గానీ, తోటపల్లి గూడూరు మండలంలో తుఫాను వచ్చిందంటే గాలి హోరు తర్వాత జనానికి గుర్తుండేది నా గొంతే. చర్చిలో పాటలకు పనికిరాదని చిన్నప్పుడే పక్కన పెట్టేసిన గొంతు అది. రేడియోకి మాత్రం అలాంటిది ఈ తీరంలో ఇంకోటి లేదు. నెల్లూరులో కూర్చుని మా అందరి మాటలూ కలిపే పెద్దాయన గంగాధరం గారే అన్నారు, "అబిగయీలమ్మా, ఎంత గరగరలో అయినా మీ మాట తెలిసిపోతాది" అని. ఆ సంగతి మా ఇంట్లో చాలాసార్లు చెప్పాను. ఎవరూ అడక్కపోయినా చెప్పాను.

మాది హామ్ రేడియో. సెల్ టవర్లు పడిపోయినా, కరెంటు పోయినా, ఒక బ్యాటరీ, ఒక రేడియో పెట్టె, ఎత్తున కట్టిన ఒక ఏరియల్ తీగ ఉంటే చాలు, ఊరూరితో మాట్లాడవచ్చు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. నేను తెచ్చుకున్నాను. మా ఆయన ఆండ్రూ తీగలు కట్టాడు, స్తంభాలు పాతాడు, బ్యాటరీలు మోశాడు, పరీక్ష మాత్రం రాయలేదు. "మాట్లాడేదానికి నువ్వుండావు గదా, నేను వింటాలే" అంటాడు. లైసెన్సు లేదు కాబట్టి మైకు పట్టుకోడు. అందుకని తన లారీలో ఒక పాత రిసీవరు బిగించుకుని, చెన్నైకి రొయ్యలు తోలుకుంటూ, దారిపొడుగునా నా గొంతు వింటూ పోతాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రాని మనిషి ఆయనొక్కడే.

ఇంత బాగా సాగుతున్న కాపురంలోకి డెబోరా వచ్చింది. నా మొగుడి కాపురంలోకి కాదు, నా రేడియో కాపురంలోకి. మా మరిది హెబ్రోను భార్య, మనుబోలు పిల్ల. వచ్చిన ఏడాదికల్లా తనూ పరీక్ష రాసి పాసైంది. పోనీలే, నాకో తోడు అనుకున్నాను. కానీ తను మాట్లాడదు. తన రేడియోకి ఒక ల్యాప్‌టాపు తగిలించి ఈమెయిల్ పంపుతుంది. రాసింది రాసి ఒక మీట నొక్కితే రేడియో కోడిపిల్లల బుట్ట మూత తీసినట్టు కీచుకీచుమంటుంది. అంతే. ఎక్కడో కరెంటూ ఇంటర్నెట్టూ పోని ఊళ్లో ఒక స్టేషను ఆ కీచులను అందుకుని మామూలు మెయిల్‌గా మార్చి, ఎవరికి చేరాలో వాళ్ల ఫోన్లోకి తోసేస్తుంది. మనకు వచ్చిన మెయిళ్లు కూడా ఆ స్టేషన్లోనే కాచుకుని ఉంటాయి. మనం ఇక్కడినుంచి రేడియోలో దాన్ని పలకరించినప్పుడే అవి దిగుతాయి.

ఇందులో గొంతు ఎక్కడుంది? ఎవరు పంపినా ఒకటే కీచు.

పోయిన నెలలో మండలాఫీసులో తుఫాను రిహార్సలు పెట్టారు. షెల్టరులో ఉన్నవాళ్ల పేర్లు నెల్లూరుకు పంపమన్నారు. నేను మైకులో ఒక్కో పేరూ చదివి, అర్థం కానిచోట అక్షరం అక్షరం విడదీసి చెబుతున్నాను. ఇంకా సగంలో ఉండగానే డిప్యూటీ తహశీల్దారు విజయభాస్కర్ గారికి నెల్లూరు నుంచి ఫోను వచ్చింది, పేర్లన్నీ మెయిల్లో అందాయని. ఆయన కుర్చీ డెబోరా వైపు తిప్పుకుని, "ఒక్క పేరు కూడా తప్పు పోలేదంటమ్మా!" అన్నారు. నేను ఇంకా మైకు పట్టుకునే ఉన్నాను. ఏం చేయాలో తెలియక మిగతా సగం పేర్లు కూడా చదివేశాను.

ఇంటికి వచ్చాక మా అత్త రెబెక్కమ్మ, "చిన్నది ఎంత నిమ్మళంగా చేసిందో పని. పెద్దదైతే ఊరంతా లేచేటట్టు అరవాల" అంది. నవ్వుతూనే అంది. నాకు కుళ్లు. దాచేదేముంది, ఒళ్లంతా కుళ్లే. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

అంతటితో ఆగిందా? డెబోరా మా ఆయన ఫోను తీసుకుని తన రేడియో మెయిల్ అడ్రసు అందులో ఎక్కించింది. "తుఫానప్పుడు యాడ ఇరుక్కున్నా దీనికి రాయి బావా, మాకు చేరతాది" అంది. ఆయనకు నా గొంతు చాలునని నేను అడ్డం పడ్డాను. ఆండ్రూ ఇద్దరి మొహాలూ చూసి, ఫోను జేబులో పెట్టుకుని, లారీ కడగడానికి పోయాడు.

ఈ నవంబరులో నిజంగానే తుఫాను వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆండ్రూ రొయ్యల లోడుతో బయల్దేరాడు. ఐసు వేసిన సరుకు ఆగదు, వద్దన్నా వినలేదు. తెల్లారేసరికి మా వైపు టవర్లన్నీ పోయాయి. మనుబోలుకూ గూడూరు టౌనుకూ మధ్య హైవే మీదికి నీళ్లొచ్చాయని, ఏదో చేపల లారీ పక్కకు ఒరిగి కాలవలో పడిందని, షెల్టరుకు వచ్చినవాళ్లెవరో చెప్పారు. చేపలదో రొయ్యలదో అడిగాను. "ఏదో లారీ అంట" అన్నారు.

షెల్టరు పై అంతస్తులో మా రెండు రేడియోలూ ఒకే బల్ల మీద పెట్టాం. డెబోరా తనకు వేరే తీగ కట్టుకుంది గానీ గాలికి అది తెగి ఎటో కొట్టుకుపోయింది. నా తీగ నిలబడింది. ఆండ్రూ కట్టిన తీగ, నిలబడక ఏం చేస్తుంది? ఒక తీగను ఒకసారి ఒక రేడియోకే తగిలించగలం. నేను నా రేడియోకి తగిలించి మర బిగించాను. కొంచెం గట్టిగానే బిగించాను.

నేను మైకు తీసుకున్నాను. తుఫానప్పుడు అందరం ఒకేచోట చేరి వంతులవారీగా మాట్లాడుకోవడాన్ని నెట్ అంటాం, దాన్ని నడిపే నెట్ కంట్రోల్ గంగాధరం గారు. నెట్‌లో ఒక నియమం ఉంది. మైకు చేతిలో ఉన్నవాళ్లు ముందు జనం కబుర్లన్నీ పంపాలి, తమ ఇంటి కబురు అన్నిటికంటే ఆఖరున. లేకపోతే ప్రతివాడూ ముందు తన ఇల్లే చూసుకుంటాడు. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ నియమం నేర్పేది నేనే. డెబోరా రిహార్సలు రోజున మనుబోలులో ఉన్న వాళ్లమ్మకు ఒక ముక్క రాసుకోబోతే, "సొంత కబురు ఆఖరున" అని చెరిపించాను కూడా.

కాబట్టి నా మొగుడి సంగతి నేను అడక్కూడదు. ఎవరి అన్న కొడవలూరులో ఉన్నాడు, ఎవరి కూతురు కాన్పుకు పోయింది, ఏ ముసలాయనకు చక్కెర సూది అయిపోయింది, అన్నీ అడుగుతున్నాను, అన్నీ చెబుతున్నాను. ఒక్క లారీ మాట మాత్రం నోటి దాకా వచ్చి వెనక్కి పోతోంది.

"అక్కా, కాసేపు తీగ ఇస్తావా? ఆస్పత్రికి మందుల పేర్లు పంపేస్తా. అట్నే మనకేమన్నా వచ్చి ఉంటే దిగతాయి" అంది డెబోరా.

"నెట్ నడస్తా ఉండాది. కనపడలా?"

"సరేక్కా."

ఈ 'సరేక్కా' అనడమే ఆ పిల్లలో ఉన్న చెడ్డ గుణం. ఎదురు తిరిగితే నాలుగు మాటలు అనేదాన్ని. మందుల పేర్లు నేనే చదివాను. ఇంగ్లీషు పేర్లు, నోరు తిరగనివి. గంగాధరం గారు మళ్లీ చెప్పమన్నారు, మళ్లీ చెప్పాను. ఉరుము కొట్టింది, మళ్లీ చెప్పాను. అన్నీ చేరాయి. గొంతు మాత్రం బొంగురుపోవడం మొదలుపెట్టింది. డెబోరా పక్కన కూర్చుని అన్నీ టైపు చేసి, సిద్ధంగా పెట్టుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని చూస్తోంది. దాని ల్యాప్‌టాపు వెలుతురు నా కళ్లలో పడుతోంది.

ఇంకోసారి అడిగింది. ఇంకోసారి లేదన్నాను.

విజయభాస్కర్ గారు తడిసి ముద్దయి పైకి వచ్చారు. వచ్చినవారు నా వైపు చూడలేదు. "ఏమ్మా డెబోరా, మెయిల్ పోయిందా?" అన్నారు.

"తీగ ఒకటే ఉండాది సార్. అది నాది" అన్నాను నేను.

ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ కిందికి దిగిపోయారు. చాప మీద కూర్చున్న మా అత్త మాత్రం ఊరుకోలేదు.

"ఆండ్రూ సంగతి ఏమన్నా తెలిసిందా?"

"ఇంకా లేదత్తా."

"చిన్నదాన్ని అడగరాదా? దాని పెట్టెలో ఏమన్నా తెలస్తాదేమో."

"ఆయన నా మొగుడత్తా. నేను కనుక్కుంటా."

"నాకు కొడుకు కాడా ఏంది?" అని ముఖం అటు తిప్పుకుంది.

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. ఆయన కబురు నా గొంతే తేవాలి. ఆ కీచుల పెట్టె తెచ్చిందంటే ఇక జన్మంతా ఈ ఇంట్లో అదే కథ చెప్పుకుంటారు, చిన్నది ఆండ్రూ జాడ కనిపెట్టిందని, పెద్దది అరుస్తూ కూర్చుందని. నెట్‌లో మాటలు కాస్త సన్నగిల్లాయి. ఎవరో కావలి వైపు నుంచి మాట్లాడి ఆపారు. నేను మైకు నొక్కాను.

"నెట్ కంట్రోల్, మనుబోలు వైపు ఎవరన్నా ఉంటే వినండి. రొయ్యల లారీ, నీలం క్యాబిను, డ్రైవరు పేరు ఆండ్రూ. కాలవలో పడింది ఆ లారీయేనా? ఎవరన్నా చెప్పండి. ఎవరన్నా."

చివరి మాట మామూలుగా రాలేదు. కాస్త వంకర పోయింది.

"అబిగయీలమ్మా" అన్నారు గంగాధరం గారు. ఆ గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువ ఉంది, అదే నాకు ఎక్కువ తగిలింది. "ఇంకా గూడూరు కబుర్లు తీసుకోలేదు. సొంత కబురు ఆఖరున. అందరికీ చెప్పేది మీరే గదమ్మా. కాస్త ఆగండి, స్టాండ్‌బై."

తీరం మొత్తం వింది. మా అత్త వింది. పక్కనున్న డెబోరా వింది. నేను దాని మొహం చూడలేదు. అది నవ్వి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని, జాలిపడి ఉంటే ఇంకా గట్టిగా కొట్టేదాన్ని. మర తిప్పి తీగ ఊడదీసి బల్ల మీద పారేశాను.

"తీసుకో. నీదే కావాలంటారుగా అందరూ."

తను తీగ తీసుకుని తన రేడియోకి బిగించింది. మీట నొక్కింది. కీచుకీచు మొదలైంది. కాసేపు ఇటునుంచి, కాసేపు అటునుంచి. టైపు చేసి పెట్టినవన్నీ పోయాయి. నేను పొద్దుటినుంచి గొంతు చించుకున్నదంతా టీ చల్లారేలోగా పోయింది. ఆ తర్వాత తెరమీద, అక్కడి స్టేషన్లో మాకోసం కాచుకుని ఉన్న మెయిళ్ల పేర్లు వరసగా వచ్చాయి. ఏది ముందు దించుకోవాలో మనమే ఎంచుకోవచ్చు. చూడకూడదనుకుంటూనే దాని భుజం మీదుగా చూశాను.

ఆస్పత్రి. కలెక్టరాఫీసు. కొడవలూరు నుంచి ఎవరో. వాటి మధ్య ఆండ్రూ. కింద మళ్లీ ఆండ్రూ. ఇంకా కింద ఇంకోసారి ఆండ్రూ.

 పొద్దుటినుంచి అక్కడ పడి ఉన్నాయి! నేను తీగ పట్టుకు కూర్చున్నంతసేపూ నా మొగుడు ఎక్కడో ఒక పెట్టెలో కాచుకుని కూర్చున్నాడు. అదీ నాకు రాయలేదు. దానికి రాశాడు.

డెబోరా చెయ్యి ఆపింది. నా వైపు తిరిగింది. దాని కళ్లలో నీళ్లున్నాయి.

"బావది ముందు దించేదా అక్కా?"

దించు అనడానికి నోరు తెరిచాను. కానీ ఇప్పుడేగదా తీరమంతా వినేటట్టు చివాట్లు తిన్నాను. దీని ముందు కూడా నియమం తప్పితే ఇక నాకు మిగిలేదేముంది? పైగా మనుబోలులో దాని తల్లి కూడా ఉంది. హైవే మునిగిందంటే ఆ ఇల్లు మాత్రం మెరక మీద ఉందా? పొద్దుటినుంచి అది ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తాను, అది ఎత్తలేదు. అది తలచుకుంటే ఇంకా మండింది.

"సొంత కబురు ఆఖరున" అన్నాను. "అందరివీ దించు."

దించింది. ఒక్కోటి దిగుతుంటే దాని నోటితో చదివితే కింది అంతస్తుకు వినపడదని నేనే మెట్ల దగ్గర నిలబడి కేకేసి చెప్పాను. ఫలానా ముసలాయనకు మందు పడవలో వస్తోందని. ఫలానా అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందని. కింద ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో ప్రభువుకు స్తోత్రం అన్నారు, ఇంకొకరు వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నారు. జనం కబుర్లు కేకేస్తూ నేను మనసులో లెక్కేసుకుంటున్నది ఒక్కటే. మూడు మెయిళ్లు రాసినవాడు బతికి ఉంటాడు. కానీ మూడోది ఎప్పుడు రాశాడో, ఆ తర్వాత ఏమైందో.

చివరికి ఆండ్రూవి దిగాయి. డెబోరా ల్యాప్‌టాపు నా వైపు తిప్పింది గానీ, అప్పటికే దాని కళ్లు వాటి మీద ఒకసారి పరిగెత్తి వచ్చాయి. నేను చూశాను.

మొదటిది: "డెబోరా, లారీ మనుబోలులో ఆపేసినారు. పడింది మాది కాదు. నేను మీ అమ్మగారింట్లో ఉండా, ఈడ ఫోను పలకతా ఉండాది. ఆమె బాగుండారు, ఇంట్లోకి నీళ్లు రాలా. నాకు చేపల పులుసు పెట్టినారు. మీ అక్కకు చెప్పు."

చేపల పులుసు! నేనిక్కడ పొద్దుటినుంచి మంచినీళ్లు ముట్టలేదు. ఆయన దాని తల్లి చేతి పులుసు తింటున్నాడు.

రెండోది: "మీ అక్క గొంతు లారీ రేడియోలో బాగా వినపడతా ఉండాది. ఇంటి ముందే లారీ పెట్టి, క్యాబిన్లో కూర్చోని వింటా ఉండా. మందుల పేర్లు చెప్పేటప్పుడు బొంగురుపోయింది. నీళ్లు తాగమను. చెప్పినా వినదు, నువ్వే గ్లాసు చేతికియ్యి."

మూడోది నేను తీగ ఊడదీసిన కాసేపటికే రాసింది. "అబిగయీలూ. అందరి ముందు నా పేరు అడిగినావు. పెద్దాయన కోప్పడినాడులే, పోనీ. ఈడనే ఉండా నేను. నువ్వు 'ఎవరన్నా' అన్నప్పుడు, 'ఈడుండా' అని చెప్పాలని గట్టిగా అరిచినా, క్యాబిన్లో ఒక్కడినే. నీకు వినపడదు గదా. అందుకని దీంట్లో రాస్తా ఉండా."

నేను చదివి, మళ్లీ చదివి, అక్కడే బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లు నేను మాట్లాడుతుంటే వింటూ ఉన్నవాడు తిరిగి ఏమనుకునేవాడో ఎప్పుడూ అడగలేదు. లైసెన్సు లేదుగా అనుకున్నాను. నాకు ఏడుపు వచ్చింది. మా అత్త "ఏందే, ఏందే" అని లేచి వచ్చింది. "బాగుండాడు అత్తా, మా అమ్మ ఇంట్లో ఉండాడు" అని డెబోరా చెప్పింది. ఆ చెప్పడం కూడా నేను చెప్పాల్సింది. నా గొంతు అప్పటికి పలకడం లేదు.

డెబోరా గ్లాసుతో నీళ్లు తెచ్చింది. "బావ ఇయ్యమన్నాడు" అంది.

"నాకు తెలుసు. నేనూ చదివినా" అని లాక్కుని తాగాను.

సాయంత్రం గాలి తగ్గాక మళ్లీ నెట్ మొదలైంది. తీగ నా రేడియోకి మార్చుకున్నాను. గంగాధరం గారు ఏమీ జరగనట్టే పిలిచారు. నేను మైకు నొక్కే ముందు ఇంకో గ్లాసు నీళ్లు తాగాను. మా షెల్టరు లెక్క చెప్పాను, మందులు అందిన సంగతి చెప్పాను. ఎక్కడో మనుబోలులో ఒక నీలం క్యాబిన్లో ఒకాయన చెవి పెట్టి ఉన్నాడని తెలిసి, ప్రతి మాటా నిదానంగా చెప్పాను. ఆయనకని ఒక్క మాట కూడా అనలేదు. అనకూడదు కూడా.

నెట్ ముగిసింది. తీగ తీసి డెబోరాకు ఇచ్చాను. అడగకుండానే. కీచుకీచు, కీచుకీచు. ఒక మెయిల్ దిగింది. తెర చూసి దాని పెదవులు కదిలాయి. నవ్వు.

"ఏముంది?" అన్నాను.

"ఇప్పుడు గొంతు బాగుండాదంట అక్కా. ఇంకా ఏందో రాసినాడు. నువ్వే చదువుకో" అని సిగ్గుపడి ల్యాప్‌టాపు తిప్పేసింది.

నా మొగుడు నాకు రాసిన మాట. పెళ్లయిన ఇన్నేళ్లకు. దాన్ని నాకంటే ముందు చదివి, నా బదులు అది సిగ్గుపడింది. చదువుకున్నాను. ఇక్కడ చెప్పను. ఇప్పటికే ఒకరు ఎక్కువ చదివారు.

"ఈ మెయిల్ అడ్రసు నాకూ ఒకటి పెట్టు" అన్నాను.

"అట్నేక్కా, రేపు కూర్చోబెట్టి నేర్పిస్తా. నిమ్మళంగా."

"రేపు కాదు. ఇప్పుడే పెట్టు" అన్నాను, కుర్చీ దాని పక్కకు లాక్కుంటూ. "తీగ అట్నే ఉండనీ."